పెనం మీదికి వచ్చిన పరదేశి



ఈ పూట మీతో ఒక తినుబండారం గురించి ముచ్చటించాలని కూర్చున్నాను. దాని పేరు చెబితే మీలో సగం మంది ముక్కుమీద వేలేసుకుంటారు. తక్కిన సగం మంది "మా పిల్లలు బయట తింటూనే ఉన్నారు లెండి" అంటారు. హామ్ చీజ్ శాండ్‌విచ్! అందులోనూ పెనం మీద వేడివేడిగా కాల్చినది. రెండు బ్రెడ్డు ముక్కలు, వాటి నడుమ కరిగిన చీజ్, ఉప్పు పట్టించి పొగవేసిన పంది మాంసపు పలుచని పొర. అంతే వంటకం.

"ఏడుకొండలవాడి పాదాల దగ్గర కూర్చుని చెప్పాల్సిన మాటలేనా ఇవి?" అని మీరు అడగవచ్చు. అడగండి, తప్పు లేదు. మా అత్తగారు అడిగిన మాట కూడా అదే. ఆ మాట దగ్గరే ఈ కథంతా మొదలయింది.

కిందటి వేసవి సెలవులకు మా అమ్మాయి బెంగుళూరు హాస్టలు నుంచి వస్తూ ఐసు ముక్కల మధ్య పెట్టి ఒక పొట్లం తెచ్చింది. "అమ్మా, నీకు ఒకటి చేసిపెడతా, తిని చూడు" అంది. విప్పి చూస్తే గులాబిరంగులో మాంసపు పొరలు. మాది కోడి, మేక తినే ఇల్లే. శనివారాలూ, పండుగలూ తప్పితే పట్టింపు లేదు. అయినా అదేమిటో తెలిసేసరికి మా అత్తగారు లేచి నిలబడ్డారు.

"ఛీ ఛీ! బురదలో పొర్లే దాన్ని తెచ్చి నా వంటింట్లో పెడతావా? అది తినేవాళ్లు వేరే ఉండారు. మనం కూడా వాళ్లట్లా అయిపోయినామా ఏంది?"

అప్పుడు జాలాడిలో గిన్నెలు తోముతూ ఉన్న మనిషి చేతులు ఆగిపోయాయి. పన్నెండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న మనిషి ఆమె. పేరు చెప్పను, ఆమెకు ఇష్టం ఉండదు. తోమిన గిన్నెలు బోర్లించి, ఆ పూట కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. మరునాడు సాయంత్రం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, మా నాయన పందులు మేపినోడే. వాటిని అమ్మే నాకు పెండ్లి చేసినాడు, మా తమ్ముణ్ణి చదివించినాడు. ఇన్నేండ్లుగా మీ ఇంట్లో చేస్తా ఉండా, ఎన్నడూ చెప్పలా. చెప్తే గిన్నెలు ముట్టనిస్తారో లేదో అని."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆమె కాఫీ తాగే గ్లాసు మా ఇంట్లో వేరుగా, కిటికీ గూట్లో ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టింది మా అత్తగారు కాదు, నేనే. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో ఆ సాయంత్రం వరకూ నన్ను నేను అడుగుకోనే లేదు. నేను చదివింది పదో తరగతి. అయినా పుస్తకాలంటే భయం లేదు. అసలీ తిండి ఎక్కడ పుట్టింది, దానికీ మన ప్రాంతానికీ ఏమిటి చుట్టరికం అని చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నదంతా మీ ముందు పెడుతున్నాను.

ముందు శాండ్‌విచ్ సంగతి. అది ఒక ఊరి పేరు. ఇంగ్లండులోని ఒక పట్నం. ఆ ఊరి పేరుతో బిరుదు పొందిన జమీందారీ వంశంలో నాలుగోవాడు జాన్ మాంటేగు, 1718లో పుట్టి 1792లో పోయాడు. ఆయన పేకాటలో మునిగిపోయి, భోజనానికి లేవడానికి మనసొప్పక, రెండు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడని కథ. లండన్ చూసి వెళ్లిన గ్రోస్లే అనే ఫ్రెంచి పెద్దమనిషి 1770లో అచ్చువేసిన పుస్తకంలో ఈ కథ రాశాడు. కానీ ఆయన జీవితచరిత్ర రాసిన పండితుడు ఒకాయన ఏమంటాడంటే, ఆయన నౌకాదళానికి పెద్ద, రాత్రింబగళ్లు కాగితాల ముందు కూర్చునేవాడు, కాబట్టి జూదపు బల్ల కంటే రాతబల్ల దగ్గరే అలా తిని ఉంటాడు అని. చూశారా, పనిచేసుకుంటూ తిన్నవాడికి జూదగాడని పేరు వచ్చింది! తిండిని బట్టి మనిషికి పేరు పెట్టడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదన్నమాట.

రోమను సామ్రాజ్య చరిత్ర రాసిన ఎడ్వర్డ్ గిబ్బన్ 1762 నవంబరు 24న తన దినచర్య పుస్తకంలో శాండ్‌విచ్ అనే మాట రాసుకున్నాడు. లండన్ క్లబ్బులో దొరలు దాన్ని తింటూ ఉంటే చూశాడట. ఆ మాట మనకు దొరికే తొలి రాత అదే. అయినా రొట్టెలో కూర చుట్టుకుని తినడం ఆ దొర కనిపెట్టిందేమీ కాదు. చేనికి పోయే రైతు మూటలో చద్ది కట్టుకున్నంత పాతది.

దాన్ని వేడిగా కాల్చడం ఫ్రెంచివాళ్ల ముచ్చట. 1910 ప్రాంతంలో పారిస్ కాఫీ హోటళ్లలో హామూ చీజూ పెట్టి కాల్చిన రొట్టెను 'క్రోక్ మస్యూ' అని అమ్మేవారు. కొరికితే కరకరలాడేది అని ఆ పేరులోని భావం. అమెరికాలో 1928 జూలై 7న చిల్లికోతీ అనే చిన్న ఊళ్లో, రోవెడర్ అనే ఆయన చేసిన యంత్రంతో కోసిన బ్రెడ్డు మొదటిసారి అమ్మకానికి వచ్చింది. ముక్కలన్నీ ఒకే మందంలో రావడంతో ప్రతి ఇల్లాలి పెనం మీదికీ అది ఎక్కేసింది.

మరి మన దగ్గరికి బ్రెడ్డు ఎలా వచ్చింది? మనది బియ్యం, రాగుల సీమ. చిత్తూరు జిల్లా పల్లెలో ఈనాటికీ సంగటి ముద్ద, వేరుశనగ చట్నీ ఉంటే అదే పరమాన్నం. పొంగే రొట్టెను ఈ దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. 1510లో గోవాను పట్టుకున్న తరువాత అక్కడ ఈస్టు దొరక్క కల్లు పోసి పిండి పులియబెట్టారు. బొంబాయివాళ్లు 'పావు' అనే మాట వాళ్ల భాష నుంచి వచ్చిందే. మన పాత ఇళ్లలో బ్రెడ్డు మీద అంత అనుమానం ఎందుకుండేదో ఇప్పుడు అర్థమవుతోందా? ఎవరి చేత్తో పిసికారో తెలియదు, పులిసింది కల్లుతోనో ఏమో!

మన ప్రాంతానికి వస్తే, దొరలతో పాటు మిషనరీలు వచ్చారు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషన్‌వారు తిరుపతిలో బడి నడిపారు. రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1896 నుంచి 1900 వరకు చదువుకున్నది ఆ బడిలోనే. వాళ్ల దేశంలో చలికాలం వచ్చిందంటే పంది తొడకు ఉప్పు పట్టించి పొగగదిలో వేలాడదీయాల్సిందే. మదనపల్లెలో 1912లో మిషన్లన్నీ కలిసి క్షయరోగుల ఆస్పత్రి మొదలుపెట్టి, 1915లో ఊరి బయట ఆరోగ్యవరానికి మార్చారు. దాని మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్, డెన్మార్కు దేశస్థుడు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకూ మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే చికిత్స. పాలూ రొట్టే రోగి తిండి అనే మాట మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు. నా చిన్నప్పుడు కూడా మా ఇంటికి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో జ్వరం అని అర్థం. పాలలో ముంచి పెట్టేవాళ్లు. జ్వరం తగ్గాక ఆ వాసనంటేనే వెగటు!

బ్రెడ్డు రోగుల మంచం దిగి అందరి పీట మీదికి వచ్చింది స్వాతంత్ర్యం తరువాతే. 1956లో అమెరికాతో ఒప్పందం కుదిరి గోధుమలు ఓడల్లో దిగాయి. 1965లో ఆస్ట్రేలియా సాయంతో కేంద్ర ప్రభుత్వం మోడరన్ బేకరీస్ సంస్థను పెట్టింది. మైనపు కాగితంలో చుట్టిన ఆ బ్రెడ్డు చాలామంది ఇల్లాండ్రకు మొదటి 'కంపెనీ' బ్రెడ్డు. ఆ సంస్థను 2000లో ప్రభుత్వం ప్రైవేటువారికి అమ్మివేసింది. అంతలోనే రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో బ్రెడ్ ఆమ్లెట్ బళ్లు వచ్చేశాయి. పెనం మీద రొట్టె కాల్చడం మనవాళ్లకు నేర్పింది ఆ బళ్లే.

ఇక చీజ్. పాలు విరిగితే అపశకునం అనుకునే మనకు చీజ్ అంటే మొదట్లో అంత రుచించని మాట. నిజానికి పాలకు మనది పేరుపడ్డ సీమ. పుంగనూరు ఆవును చూశారు కదా, మేకపోతు కంటే కాస్త పెద్దది, నడుమెత్తు కూడా రాదు. పాలు కొంచెమే ఇస్తుంది కానీ వెన్న దండిగా ఉంటుంది. అంతరించిపోతున్న ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుకుంటూ వచ్చారు. వాన పడక వేరుశనగ ఎండిపోయిన ఏడాదుల్లో మన జిల్లాలో ఎన్ని సంసారాలను పాడి నిలబెట్టిందో మీకు నేను చెప్పక్కరలేదు. పొద్దున్నే పాలక్యాను పట్టుకుని నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే.

శాండ్‌విచ్‌లో కరిగే చీజ్ మాత్రం పరదేశం నుంచి వచ్చింది. 1911లో స్విట్జర్లాండులో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు, చీజ్‌ను ఒక లవణంతో కలిపి వేడిచేస్తే కొవ్వు విడిపోకుండా నున్నగా కరుగుతుందని కనిపెట్టారు. 1916లో అమెరికాలో క్రాఫ్ట్ అనే వ్యాపారి అలాంటి పద్ధతికే పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో గుజరాతు రైతులు 1946 డిసెంబరులో పెట్టుకున్న ఖేడా పాల సంఘం, అదే అమూల్, గేదెపాలతో చీజ్ చేసి డబ్బాల్లో అమ్మింది. గేదెపాలతో పాలపొడి కానీ చీజ్ కానీ కుదరదని పై దేశాల నిపుణులు పెదవి విరిచారు. మనవాళ్లు చేసి చూపించారు. ఇవాళ మన పలమనేరు దగ్గర కూడా పెద్ద పాల ఫ్యాక్టరీ ఉంది.

శాకాహారులైన సోదరీమణులకు ఇక్కడ ఒక మాట. పాతకాలంలో చీజ్ తోడుపెట్టడానికి దూడ కడుపులోని రసం వాడేవారు. ఇప్పుడు బూజుజాతి సూక్ష్మజీవుల నుంచి తీసిన రసంతో చేస్తున్నారు. 2001లో వచ్చిన నిబంధన ప్రకారం పెట్టె మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం కిందే లెక్క. కొనేటప్పుడు ఆ చుక్కను చూసుకుంటే అనుమానం ఉండదు.

ఇప్పుడు అసలైన చిక్కుముడి, హామ్. హామ్ అంటే పంది తొడ. దానికి ఉప్పూ, కొద్దిగా సురేకారమూ రుద్ది వారాల తరబడి ఊరనిచ్చి, కట్టెల పొగలో ఆరబెట్టేవారు. ఉప్పు నీటిని లాగేస్తుంది, సురేకారం కుళ్లు పట్టకుండా కాపాడి ఆ గులాబిరంగును తెస్తుంది, పొగ ఈగల్ని చేరనివ్వదు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో సురేకారానికి బదులు సోడియం నైట్రైటు వాడుతున్నారు. ఇది చదవగానే నాకు మా పుట్టింటి ఉప్పుకండ గుర్తుకు వచ్చింది. జాతరలో మేక కోసినప్పుడు మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి మిద్దె మీద ఎండబెట్టేవాళ్లం. ఐసుపెట్టె లేని రోజుల్లో అన్ని దేశాల ఆడవాళ్లూ చేసిన పని ఒక్కటే. వాళ్లకు ఎండ లేదు కనుక పొగ వేశారు, మనకు ఎండ ఉంది కనుక ఎండబెట్టాం. పేరు మారింది, జంతువు మారింది, ఉప్పు మాత్రం ఒక్కటే.

డెన్మార్కు రైతులు 1887లో హోర్సెన్స్ అనే ఊళ్లో సహకార పద్ధతిలో పంది మాంసం ఫ్యాక్టరీ పెట్టుకుని, ఇంగ్లండుకు ఎగుమతి చేసి బాగుపడ్డారు. గుజరాతులో పాలు చేసిన పని అక్కడ పందులు చేశాయి. మన రాష్ట్రంలోనూ 1960 దశకంలో కృష్ణా జిల్లా గన్నవరంలో ప్రభుత్వమే పందుల పెంపక కేంద్రం, దానికి అనుబంధంగా మాంసం ఫ్యాక్టరీ నడిపింది. అంతకంటే ఆశ్చర్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అది మన తిరుపతిలోనే! 1955లో ఇక్కడ పశువైద్య కళాశాల వెలిసింది. 1970-71లో పందుల మీద దేశవ్యాప్త పరిశోధన పథకం మొదలైనప్పుడు ఎంచుకున్న నాలుగు కేంద్రాల్లో తిరుపతి ఒకటి. నాటుపందినీ, సీమ నుంచి వచ్చిన లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతినీ కలిపి ఇక్కడి శాస్త్రజ్ఞులు ఒక సంకరజాతిని తయారుచేశారు. దాని పేరు ఎస్.వి.వి.యు. టి-17. ఆ 'టి' ఏ ఊరో వేరే చెప్పాలా? ఏళ్ల తరబడి ఆ దారినే బస్సులో పోతూ వస్తూ ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియనే తెలియదు.

"కొండ మీద మాంసం నిషేధం కదా" అంటారు. నిజమే, తిరుమల మీద అది ఎవ్వరికీ కూడదు, ఆ నియమం తలదాల్చాల్సిందే. కానీ ఆ కొండ మీదే పుష్కరిణి ఒడ్డున ఆదివరాహస్వామి ఉన్నాడు. శ్రీనివాసుడికి చోటిచ్చింది ఆయనే గనుక మొదటి దర్శనం, మొదటి నైవేద్యం ఆయనకే అని మన పెద్దల ఆచారం. గుడిలో ఆ రూపానికి చేతులెత్తి మొక్కుతాం, వీధిలో అదే జంతువు పేరు తిట్టుగా వాడతాం. పంది బురదలో ఎందుకు పొర్లుతుందో తెలుసా? దానికి మనకు మాదిరిగా చెమట పట్టదు. ఒళ్లు చల్లబరచుకోవడానికి నీళ్లు కావాలి, అవి లేకపోతే బురదైనా కావాలి. చోటూ నీళ్లూ ఇస్తే అది తన పడక దగ్గర పెంట కూడా వేసుకోదు.

మరి పందుల్ని మేపేవాళ్ల సంగతి? మన వైపు ఈ వృత్తిలో ఎక్కువగా ఉన్నది ఎరుకలవారు. వాళ్ల చరిత్ర చదువుతూ ఉంటే నాకు గుండె బరువెక్కింది. ఒకప్పుడు వాళ్లు గాడిదల మీదా ఎద్దుల మీదా సముద్రతీరం నుంచి ఉప్పు మోసుకొచ్చి, లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చే వర్తకులు. మన పూర్వుల ఊరగాయల్లోకీ, ఉప్పుకండలోకీ ఉప్పు తెచ్చి పోసింది ఆ చేతులే. పంతొమ్మిదో శతాబ్దంలో కుంఫిణీవారి, తెల్లదొరల ఉప్పు పన్నులు వచ్చాయి, తరువాత రైళ్లు వచ్చాయి. ఉప్పు రైలెక్కింది, వీళ్ల బతుకు రోడ్డున పడింది. అలా తిరిగే మనుషుల్ని చూసి దొరలు అనుమానపడ్డారు. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకలవారిని ఆ జాబితాలో చేర్చారు. అంటే పొత్తిళ్లలోని పసిబిడ్డ కూడా పుట్టుకతోనే నేరస్థురాలన్నమాట! అప్పటి గుంటూరు జిల్లా స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి, హాజరు పట్టీ వేసి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలన్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1947లో. దేశమంతటా ఆ ముద్ర చెరిగింది 1952 ఆగస్టు 31న. అయిదేళ్లు ఆలస్యంగా.

ఇక్కడ మన స్వామి కథ ఒకటి గుర్తు చేస్తాను. పద్మావతీదేవిని పెళ్లాడాలని శ్రీనివాసుడు ఏం చేశాడు? ఎరుకలసాని వేషం వేసుకుని, బుట్ట చంకన పెట్టుకుని నారాయణవనంలో ఆకాశరాజు ఇంటికి వెళ్లి సోది చెప్పాడు. రాణి ధరణీదేవి ఆమెను వాకిట్లో నిలబెట్టలేదు, లోపలికి పిలిచి బంగారు చేటలో ముత్యాలు పోసి కూర్చోబెట్టిందని మన పెద్దలు చెబుతారు. ఆ రోజు ఆమెను గుమ్మం అవతలే ఉంచి పంపించి ఉంటే, కల్యాణమే జరిగేది కాదు. ఏటేటా ఆ కల్యాణం కళ్లకద్దుకునే మనం, గ్లాసు మాత్రం కిటికీలో పెడతాం.

ఆరోగ్యం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పచ్చి పంది మాంసంలో బద్దెపురుగు పిల్లలు ఉండవచ్చు. ఎర్రదనం పూర్తిగా పోయేదాకా ఉడికించాలి. కానీ మూర్ఛ తెప్పించే మెదడు తిత్తుల జబ్బు ఉందే, అది పంది తిన్నందువల్ల నేరుగా రాదు. కడుపులో ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారానో, కడగని ఆకుకూరల ద్వారానో, నీళ్ల ద్వారానో నోట్లోకి పోతే వస్తుంది. అందుకే ఎన్నడూ మాంసం ముట్టనివాళ్లకు కూడా వస్తుంది. పక్కనే ఉన్న వేలూరు ఆస్పత్రి డాక్టర్లు దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. కాబట్టి నింద పంది మీద వేసి ఊరుకుంటే చాలదు. మరుగుదొడ్డి, సబ్బు, కడిగిన కూర, ఇవే మందు. ఇంకొకటి, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ హామ్ లాంటి నిలవ మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సరు ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. రక్తపోటు ఉన్నవారికి ఆ ఉప్పు కూడా మంచిది కాదు. ఎప్పుడో ఒకనాడు సరదాకు తినే తిండి తప్ప రోజూ పిల్లల డబ్బాలో పెట్టేది కాదు.

ఇంతా చెప్పి చేసే విధానం చెప్పకపోతే మీరు నన్ను ఊరుకోరు. ఒక శాండ్‌విచ్‌కు రెండు బ్రెడ్డు ముక్కలు, రెండు చెంచాల చీజ్ తురుము, ఒకటో రెండో హామ్ పొరలు, కొంచెం వెన్న. వెన్న లోపలివైపు కాదు, పెనానికి తగిలే బయటివైపు రాయాలి. లోపలివైపు ఒక ముక్కకు చిటికెడు ఆవపిండిని నీళ్లలో తడిపి పలుచగా పూయండి. ఆవకాయ తినే నోరు మనది, ఆ ఘాటు బాగుంటుంది. చీజ్ సగం కింద, సగం పైన చల్లి, మధ్యలో హామ్ పెట్టండి. చీజ్ కరిగి రెండువైపులా బ్రెడ్డును పట్టుకుంటేనే ముక్క విడిపోదు. దోసెల పెనం సన్నని సెగ మీద పెట్టి, ముక్క వేసి, పైన ఒక బరువైన గిన్నె బోర్లించి అదిమి ఉంచండి. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. సెగ పెద్దదైతే బయట మాడుతుంది, లోపల చీజ్ బిర్రుగానే ఉంటుంది. ఉప్పు వేయకండి, హామ్‌లోనూ చీజ్‌లోనూ ఉన్నదే ఎక్కువ. తీసిన వెంటనే కోయక ఒక నిమిషం ఆగితే చీజ్ కారిపోదు. పొట్లం విప్పిన తరువాత మిగిలిన హామ్‌ను ఫ్రిజ్జులో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. హామ్ తిననివారు ఉడికించిన ఆలుగడ్డ, ఉల్లిపాయ, పచ్చిమిరప చక్రాలు పెట్టుకోండి. ఆలుగడ్డా, పచ్చిమిరపా మనవేనా అంటే, అవి కూడా పోర్చుగీసు ఓడలు దింపిన పరదేశీలే! మదనపల్లె టమాటా కూడా అంతే. వాటిని ఎవరింట్లో ఎవరు వద్దన్నారు?

సరే, మా ఇంట్లో ఏమయిందో చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం మా అమ్మాయి పెరట్లో వేరే పొయ్యి పెట్టి, పాత పెనం మీద నాలుగు శాండ్‌విచ్‌లు చేసింది. పెనం పాతదే వాడాలని షరతు పెట్టింది మా అత్తగారు. నేను ఒకటి తిన్నాను. బాగుంది. మళ్లీ రేపే తినాలని మాత్రం అనిపించలేదు. రెండోది మా ఇంట్లో పనిచేసే ఆమెకు అదే కంచంలో పెట్టి ఇచ్చాం. ఆమె ఒక కొరుకు కొరికి, కాసేపు నమిలి,

"ఉప్పు జాస్తి అమ్మా. మా నాయన చేసింది ఇంత ఉప్పు ఉండేది కాదు. మిరియాలు దంచి వేసేటోడు" అంది.

పన్నెండేళ్లలో మొదటిసారి తన తండ్రి గురించి మా ఇంట్లో గొంతెత్తి మాట్లాడింది. మా అమ్మాయి వెంటనే "ఎట్లా చేసేవాడు? చెప్పవా పిన్నీ?" అని పక్కన కూర్చుంది. ఎన్ని రోజులు ఊరబెట్టేవాడు, ఏ కట్టెల పొగ, ఏ నెలలో అని ఆమె చెబుతూ పోయింది. మా అత్తగారు వరండాలో కుర్చీలో కూర్చుని పత్తి వత్తులు చేసుకుంటూ ఉన్నారు. తినలేదు. తింటారని నేను అనుకోనూ లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల నోటి అలవాటు ఒక పూటలో మారదు, మారాలని బలవంతపెట్టడం న్యాయమూ కాదు. ఎవరు ఏది తినాలో వాళ్లిష్టం. కానీ కాసేపటికి ఆవిడే అక్కణ్ణుంచి కేకేశారు. "మిరియాలు ముందు వేస్తారా, ఎండినాక వేస్తారా?"

"ముందే పెద్దమ్మా, ఉప్పుతో బాటే."

"మా అమ్మ మేక ఉప్పుకండకు అట్నే వేసేది" అన్నారు మా అత్తగారు, తల ఎత్తకుండానే.

ఆ సాయంత్రం నేను కిటికీ గూట్లోని గ్లాసు తీసి తోమి, తక్కిన గ్లాసులతో పాటు అరలో బోర్లించాను. అన్నీ ఒకే దుకాణంలో కొన్నవే. మరునాడు కాఫీ పోద్దామని చూస్తే ఏది ఆమెదో నాకే తెలియలేదు. మీ వంటింటి కిటికీలో కూడా అలాంటి గ్లాసు ఒకటి ఉందేమో, ఈ పత్రిక పక్కన పెట్టి ఒకసారి చూసి రండి.